ఏడు ఎక్కడిది?

ఈ వారం నన్ను నిద్రపోనివ్వనిది ఏడు అనే అంకె.

మా మేనకోడలు దసరా సెలవులకి మా ఇంటికి వచ్చింది. హైదరాబాదులో బీఎస్సీ మ్యాథ్స్ ఆనర్స్, మొదటి సంవత్సరం. ఇంజనీరింగ్ సీటు చేతిలో పెట్టుకుని లెక్కలు తీసుకున్న పిల్ల కాబట్టి బంధువుల్లో ఆమె గురించి కొంచెం గుసగుస ఉంది. నా దగ్గర మాత్రం ఆమెకి ప్రత్యేక హోదా. వచ్చిన సాయంత్రమే బ్యాగులోంచి అసైన్‌మెంట్ తీసి చూపించింది. పదికి పది, ఎర్ర సిరా టిక్కులు. మొదటి లెక్క ఇది: ఎక్స్ మూడుకి దగ్గరవుతుంటే ఎక్స్ స్క్వేర్ తొమ్మిదికి దగ్గరవుతుందని ఎప్సిలాన్, డెల్టాలతో రుజువు చేయండి. కింద గుండ్రటి అక్షరాలతో జవాబు. మొదటి లైనే ఇలా ఉంది: ఇచ్చిన ఎప్సిలాన్‌కి, 1, ఎప్సిలాన్ బై 7, ఈ రెండింట్లో ఏది చిన్నదైతే దాన్ని డెల్టాగా తీసుకుందాం.

"ఏడు ఎక్కడిదమ్మా?" అన్నాను.

"అదంతే మావయ్యా. ఈ మోడల్ లెక్కలో అక్కడ ఏడు వస్తుంది."

"ఎవరు చెప్పారు?"

"సీనియర్ల పీడీఎఫ్‌లో ఉంది. క్లాసులో అందరూ అదే రాశారు."

ఇంటర్‌లో నాలుగు లెక్కల పేపర్లూ కలిపి 300కి 298 తెచ్చుకున్న పిల్ల ఈ మాట అంది. ఆ పోయిన రెండు మార్కుల కోసం మా చెల్లెలు రీకౌంటింగ్ కూడా పెట్టించింది.

ఈ కాలమ్ పాత పాఠకులకి ఇక్కడి నుంచి నేనెటు పోతానో తెలుసు. గైడ్లు, ఇంపార్టెంట్ క్వశ్చన్లు, పరీక్షల ముందు జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్‌తో వేలాడే కట్టలు, స్టెప్పు మార్కులు, వీటితో నా వైరం ఈనాటిది కాదు. ఆ మధ్య ఒక పెద్దాయన ఉత్తరం రాశారు: "రెండు వారాలుగా మీరు గైడ్లను తిట్టలేదు, ఒంట్లో బాగానే ఉంది కదా?" బాగానే ఉందండీ. ఇదిగో.

ఎంసెట్‌లో (పేరు ఈఏపీసెట్ అయినా మన ఇళ్ళలో అది ఎంసెట్టే) 160 ప్రశ్నలకి 180 నిమిషాలు. అందులో 80 లెక్కలవి. ప్రశ్నకి నిమిషం చిల్లర. తప్పు రాస్తే పోయేదేమీ లేదు. కాబట్టి రెండేళ్ళ పాటు పిల్లల చెవిలో నూరిపోసేది ఒకటే: చూడగానే తట్టిందా, కొట్టెయ్; తట్టలేదా, వదిలేసి తర్వాతదానికి పో. ఎక్స్ స్థానంలో సున్నా పెట్టి చూడు, నాలుగు ఆప్షన్లలో మూడు ఎగిరిపోతాయి. దీన్ని నేను ఎగతాళి చేయడం లేదు. దానికీ బుర్ర కావాలి, ఓర్పు కావాలి. కాకపోతే ఆ ఓర్పు వేరు. వందల లెక్కలు వరసగా చేసే ఓర్పు అది. ఒకే లెక్క ముందు రెండు రోజులు కూర్చునే ఓర్పు దాని వల్ల రాదు.

యూనివర్సిటీలో వారానికి ఐదే లెక్కలిస్తారు. ఐదేనా అని మొదట నవ్వుకుంటారు. తర్వాత చూస్తే ఆప్షన్లు ఉండవు. అంతకన్నా ఘోరం, జవాబు ప్రశ్నలోనే ఉంటుంది. ఎక్స్ స్క్వేర్ తొమ్మిదికి వెళ్తుందని ప్రశ్నే చెబుతోంది, మూడు మూళ్ళు తొమ్మిదని మూడో తరగతిలోనే తెలుసు, మరి నన్నేం చేయమంటారు అని పిల్ల బిక్కమొహం వేస్తుంది. రెండు గంటలు కూర్చున్నా రాకపోతే, "నాకు లెక్కలు రావన్నమాట" అని తేల్చేసుకుంటుంది. నిమిషంలో తట్టనిదాన్ని వదిలెయ్యమని నేర్పిన చదువు కదా; రెండు గంటలంటే ఆ లెక్కన నూట ఇరవై సార్లు ఓడిపోయినట్టు.

క్లాసు సంగతి అడిగాను. మా మేనకోడలు చెప్పిన మాట ఎక్కడైనా రాసిపెట్టుకోవాలనిపించింది. "సార్ బోర్డు మీద రాస్తున్నంతసేపూ ప్రతి లైనూ అర్థమవుతుంది మావయ్యా. అయిపోయాక మొత్తం ఏమిటో తెలీదు."

లెక్కలు ఎప్పుడో వదిలేసిన పాఠకులు ఆ ఏడు సంగతి తేల్చకపోతే ఊరుకోరు. ఎక్స్ స్క్వేర్‌కీ తొమ్మిదికీ తేడా ఎంత? ఎక్స్ మైనస్ మూడుని ఎక్స్ ప్లస్ మూడుతో గుణిస్తే వచ్చేదంత. ఇందులో మొదటిది మన చేతిలో ఉంది. ఎక్స్‌ని మూడుకి ఎంత దగ్గరగా ఉంచాలో చెప్పేది మనమే; ఆ దూరం పేరే డెల్టా. రెండోది పెంకిఘటం, ఎక్స్‌తో పాటు తనూ మారుతుంది. దాన్ని ముందు కట్టెయ్యాలి. ఎక్స్ మూడు నుంచి అటూ ఇటూ ఒకటికి మించి కదలకూడదని ఒక షరతు పెడదాం. అప్పుడు అది రెండుకీ నాలుగుకీ మధ్య ఉంటుంది, ఎక్స్ ప్లస్ మూడు ఏడుని దాటదు. అంటే మొత్తం తేడా, ఎక్స్ మైనస్ మూడుకి ఏడు రెట్ల లోపే. ఆ తేడా, ప్రశ్నలో ఇచ్చిన ఎప్సిలాన్ అనే చిన్న సంఖ్య లోపు ఉండాలంటే ఎక్స్‌ని మూడుకి ఎప్సిలాన్‌లో ఏడో వంతు దూరం లోపల ఉంచితే సరి. ఈ గొడవంతా చిత్తు కాగితం మీద జరుగుతుంది. ఫెయిర్ చేసేటప్పుడు దీన్ని తలకిందులు చేసి రాస్తారు. చిట్టచివర దొరికిన ఏడు మొట్టమొదటి లైనులోకి వెళ్ళి, ఆకాశం నుంచి ఊడిపడినట్టు కూర్చుంటుంది.

మనం బడిలో నేర్చుకున్న మర్యాద గుర్తుందా? పేపరుకి కుడివైపు గీత గీసి, పైన రఫ్ వర్క్ అని రాసి, పని అయ్యాక దాన్ని అడ్డంగా కొట్టెయ్యాలి. దిద్దేవాళ్ళు అటు చూడకూడదు. లెక్కంతా ఆ కొట్టేసిన వైపే ఉందని, సార్లు బోర్డు మీద దాన్నే చూపించాలని ఈ కాలమ్‌లో చాలాసార్లు మొత్తుకున్నాను.

పాపమంతా బెజవాడ కార్పొరేట్ కాలేజీల నెత్తిన రుద్ది ముగించడం తేలిక. నిజానికి అలా రాద్దామనే కూర్చున్నాను. కానీ లెక్కల్లో కోచింగ్ అనేది మన కృష్ణా ఒడ్డున పుట్టినదేమీ కాదు. పంతొమ్మిదో శతాబ్దపు కేంబ్రిడ్జిలో అది మూడు పువ్వులు ఆరు కాయలుగా నడిచింది.

అక్కడి లెక్కల పరీక్ష పేరు ట్రైపాస్. 1854లో ఆ పరీక్ష ఎనిమిది రోజులు జరిగింది. పదహారు పేపర్లు, మొత్తం 44 గంటల 30 నిమిషాలు, 211 ప్రశ్నలు. ప్రశ్నకి పన్నెండు నిమిషాల పైచిలుకు దక్కింది కాబట్టి మనవాళ్ళతో పోలిస్తే తీరుబడే అనుకోండి. ఫలితాలు ర్యాంకుల వారీగా ప్రకటించేవాళ్ళు. మొదటి తరగతిలో నెగ్గినవాళ్ళని రాంగ్లర్లు అనేవాళ్ళు, అందరికన్నా పైన ఉన్నవాడు సీనియర్ రాంగ్లర్. 1899లో మన రఘునాథ్ పురుషోత్తమ్ పరాంజపే ఆ మొదటి స్థానాన్ని మరొకరితో కలిసి పంచుకుంటే దేశమంతా పండగ చేసుకుంది. ఇంత పేరొచ్చే ర్యాంకు యూనివర్సిటీ లెక్చర్లు వింటే వస్తుందా? రాదని పిల్లలకి తెలుసు. డబ్బిచ్చి ప్రైవేటు కోచ్‌ల దగ్గర చేరేవాళ్ళు. విలియం హాప్కిన్స్ అనే ఆయనకి సీనియర్ రాంగ్లర్ల తయారీదారు అని పేరే పడిపోయింది. ఆయన తర్వాత ఎడ్వర్డ్ రౌత్. 1854లో సీనియర్ రాంగ్లర్ ఈయనే. రెండో ర్యాంకు ఎవరిదనుకున్నారు? జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్‌ది. విద్యుత్తునీ అయస్కాంతాన్నీ ఒక్క తాటి మీదకి తెచ్చినవాడు ర్యాంకుల జాబితాలో కోచ్ కింద ఉన్నాడు. రౌత్ తన చేతి మీదుగా ఇరవై మందికి పైగా సీనియర్ రాంగ్లర్లని తయారు చేశాడు. ఆ రోజుల్లో ఫ్లెక్సీలు లేవు గానీ, ఉంటే కామ్ నది ఒడ్డు పొడుగునా రౌత్ గారి బ్యాచ్ ఫొటోలే ఉండేవి.

మన రామానుజన్‌ని పిలిపించుకున్న హార్డీ కూడా ఈ యంత్రంలోంచి వచ్చినవాడే. కోచ్ దగ్గర కిటుకులు వల్లె వేసీ వేసీ విసుగెత్తి, లెక్కలు మానేసి చరిత్ర తీసుకుందామా అని కూడా ఆలోచించాడు. చివరికి లవ్ అనే అధ్యాపకుడు ఆయన చేతికి ఫ్రెంచి గణితజ్ఞుడు జోర్డాన్ రాసిన విశ్లేషణ గ్రంథం ఇచ్చాడు. లెక్కలంటే ఏమిటో ఆ పుస్తకం చదివాకే తనకి తెలిసిందని హార్డీ తర్వాత చెప్పుకున్నాడు. 1898లో నాలుగో రాంగ్లర్‌గా బయటపడ్డాడు. ర్యాంకుల జాబితా తీసెయ్యాలన్న పోరులో ముందు నిలిచాడు. 1909 తర్వాత ఆ జాబితా ఆగిపోయింది. ఈ లోగా, 1908లో, మొదటి సంవత్సరం వాళ్ళ కోసమే ఒక పుస్తకం రాశాడు. ఎ కోర్స్ ఆఫ్ ప్యూర్ మ్యాథమెటిక్స్. అది ఇప్పటికీ దొరుకుతుంది. కొనే ముందు ఒక మాట: అందులోని అభ్యాసాలకి పీడీఎఫ్ కోసం వెతక్కండి. వెతికితే దొరుకుతుందేమోనని నా భయం.

మా రోజుల్లో హార్డీ పేరే మాకు తెలీదు. కోస్తాలో ఒక మామూలు ఊళ్ళో డిగ్రీ కాలేజీ. మాకు లెక్కలకి ఇద్దరు లెక్చరర్లు. ఒకాయన కాగితం ముక్క కూడా లేకుండా వచ్చేవారు. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద మొదలుపెట్టేవారు, సగంలో ఆగేవారు. మాకు వీపు చూపిస్తూ చాలాసేపు నిలబడేవారు. "ఆగండి, ఇది కుదరదు" అని అంతా తుడిచేసి మళ్ళీ మొదటికి వెళ్ళేవారు. వెనక బెంచీలో ఈలలు. ప్రిపేర్ కాకుండా వస్తున్నారని ప్రిన్సిపాల్ దాకా ఫిర్యాదు కూడా వెళ్ళింది. రెండో ఆయన దగ్గర పసుపుబారిన నోట్‌బుక్ ఒకటుండేది. ఏళ్ళ తరబడి అదే. డిక్టేషన్. సిద్ధాంతం, రుజువు, అడ్డగీత. ఒక్క మాట ఎక్కువ ఉండదు, ఒక్క మాట తక్కువ ఉండదు. గంట కొట్టేసరికి రుజువు సరిగ్గా పూర్తయ్యేది. అందరికీ ఆయనంటేనే ఇష్టం.

నేను మాత్రం మొదటాయన పక్షం. ఆయన్ని ఈ కాలమ్‌లో చాలాసార్లు తలుచుకున్నాను. బోర్డు దగ్గర ఆగిపోవడం నామోషీ కాదనడానికి గణితజ్ఞుడు డెడెకిండ్‌నీ సాక్ష్యానికి పిలిచాను. 1858లో జ్యూరిచ్‌లో కాలిక్యులస్ మొదటి పాఠాలు చెబుతూ, తను వాడుతున్న సంఖ్యలకే గట్టి పునాది లేదని ఆ మాస్టారికి అనిపించింది. గీతలు గీసి చూపిస్తే పిల్లలు ఒప్పుకుంటారు, తన మనసు ఒప్పుకోలేదు. ఆ నవంబరు 24న ఒక దారి దొరికింది. దాన్ని అచ్చు వేయించింది 1872లో. మొదటి సంవత్సరం పాఠం అంత తేలికది కాదు. చెప్పేవాడినే పద్నాలుగేళ్ళు పట్టి ఉంచింది.

ఇదంతా మా మేనకోడలికి వినిపించి, "మీ సార్ కూడా ఆ రఫ్ వర్క్ బోర్డు మీద చేసి చూపిస్తే నీకీ బాధ ఉండేది కాదు" అన్నాను. 

"చూపించారుగా మావయ్యా," అంది.

నోట్స్ తెచ్చింది. నిజంగానే ఉంది. పేజీకి కుడివైపు స్కేలుతో గీసిన మార్జిన్, దాని పైన ఆకుపచ్చ పెన్నుతో రఫ్ వర్క్ అనే శీర్షిక, దాని కింద నీలం గీత. ఎక్స్ ప్లస్ మూడు, రెండుకీ నాలుగుకీ మధ్య, ఏడు, అన్నీ ఉన్నాయి. వంకర లేదు, కొట్టివేత లేదు. చిత్తుని కూడా పిల్ల ఫెయిర్‌గా రాసుకుంది. రాసుకున్నాక పీడీఎఫ్‌తో సరిపోల్చి టిక్కు పెట్టుకుంది. పాపం ఆ సార్ ఏం చేయగలరు?

అక్కడ నా వాదం గొంతులో వెలక్కాయ పడింది. ఆ రాత్రి మంచం మీద దొర్లుతూ ఆలోచిస్తే, మా మొదటాయన దగ్గర నేను నేర్చుకున్న సిద్ధాంతం ఒక్కటీ గుర్తు రాలేదు. ఆయన వీపు గుర్తుంది, సుద్దపొడి పడ్డ చొక్కా చెయ్యి గుర్తుంది. ఆయన ఆలోచిస్తుంటే చూశాం, అంతే. మా తరఫున ఆయనే ఆలోచించేశారు కనుక మాకు పని మిగల్లేదు. గుర్తున్న సిద్ధాంతాలన్నీ ఆ రెండో ఆయన పసుపు నోట్‌బుక్కువే. ఎందుకంటే ఆయన ఏమీ చెప్పలేదు. "ఎన్ అనేది ఫలానా దానికన్నా పెద్దది అనుకుందాం" అని చెప్పి ముందుకు పోయేవారు. ఫలానా ఎందుకు? అడిగితే కళ్ళజోడు పైనుంచి చూసేవారు. హాస్టల్ డాబా మీద చాప వేసుకుని ఆ ఫలానా కోసం కొట్టుకునేవాళ్ళం. మా రూమ్మేట్ ఒకడు అసైన్‌మెంట్ కాపీ కొట్టుకోవడానికి ఇచ్చేవాడు గానీ ఒక షరతు పెట్టేవాడు: నేను వేలు పెట్టిన లైను ఎందుకొచ్చిందో చెప్పు, అప్పుడు పుస్తకం తీసుకుపో. తిట్టుకుంటూ చెప్పేవాళ్ళం. ఆ లైను మీద ఒక్కోసారి అర్ధరాత్రి దాటేది. లెక్కలు నేర్చుకున్నామంటే అలా కాపీ కొట్టే నేర్చుకున్నాం. కాపీ మీద ఈ కాలమ్‌లో ఇన్నేళ్ళుగా కారాలూ మిరియాలూ నూరుతున్నవాడు రాసే మాటేనా ఇది అంటే, అవును, ఇదే.

కాబట్టి మొదటి సంవత్సరం పాఠాలు చెప్పే సార్లకీ మేడమ్‌లకీ నా మనవి మార్చుకుంటున్నాను. ఏడు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకండి. ఆకాశం నుంచే ఊడిపడనివ్వండి. ఫెయిర్ రుజువు తడబడకుండా రాయండి, గంట కొట్టగానే వెళ్ళిపోండి. అసైన్‌మెంట్‌లో మాత్రం ఎక్స్ స్క్వేర్ తొమ్మిదికి వెళ్తుందని రుజువు చేయమని అడక్కండి. ఆ రుజువు మీరే ఇచ్చేసి, ఏడు బదులు ఆరు రాస్తే ఏమవుతుందో అడగండి. వచ్చే ఏడాది సీనియర్ల పీడీఎఫ్‌లో అది కూడా చేరిపోతుంది, నిజమే. అప్పుడు ఎనిమిది అడగండి.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ నేనూ అదే అడిగాను. "ఆరు పెడితే?" 

"తప్పు," అంది వెంటనే. 

"ఎందుకు?" 

"ఆన్సర్ ఏడు కాబట్టి." 

ఎప్సిలాన్ 0.6 తీసుకోమన్నాను. ఆరో వంతంటే డెల్టా 0.1. ఎక్స్ 3.099 పెట్టి చూడమన్నాను, డెల్టా లోపలే ఉంది కదా. ఫోను పక్కన పడేసి చేత్తోనే గుణించింది. 9.603801. తొమ్మిది పోతే 0.6038, ఎప్సిలాన్‌ని వెంట్రుకవాసిలో దాటింది. ఎందుకు దాటిందో చాలాసేపు చూసి, మూడుకి కుడిపక్కన ఎక్స్ ప్లస్ మూడు ఆరుని ఎప్పుడూ మించే ఉంటుందని తనే చెప్పింది. "మరి ఎనిమిది?" అన్నాను. తప్పనే అనబోయి ఆగింది. చేసి చూసింది. పనిచేసింది. తొమ్మిది పనిచేసింది. వంద కూడా పనిచేసింది. మొదటి షరతు ఒకటి బదులు అరకి మారిస్తే ఆరున్నర కూడా సరిపోయింది.

"అంటే ఆన్సర్ ఒక్కటే కాదా?" అంది. నాలుగు ఆప్షన్లలో ఒక్కటే సరైనదని రెండేళ్ళు నమ్మిన పిల్ల కదా, కొంచెం కోపంగానే అంది. ఏదో ఒక డెల్టా ఉందని చూపిస్తే చాలని, అన్నింటికన్నా పెద్దది పట్టుకురమ్మని ఎవరూ అడగలేదని ఆమెకి అప్పుడే పట్టుబడింది. ఈ సంగతి ఆమె నోట్సులో మొదటి పేజీలోనే ఉంది. నిర్వచనంలో. ఎర్ర డబ్బా కట్టి మరీ రాసుకుంది.

తర్వాత నేనేమీ చెప్పలేదు, పేపరు చదువుకుంటున్నాను. పాత డైరీ ఒకటి ఇచ్చాను, వెనక పేజీల్లో గీసుకుంటూ పోయింది. మూడు తీసేసి ఐదు పెడితే ఏడు స్థానంలో పదకొండు వచ్చింది. వంద పెడితే 201. మధ్యాహ్నం భోజనాల దగ్గర, పప్పులో చెయ్యి పెట్టి ఆగిపోయి, "మావయ్యా, లక్ష దగ్గరైతే రెండు లక్షల ఒకటి. ఎంత దూరం పోతే డెల్టా అంత చిన్నదైపోతోంది. అన్ని చోట్లకీ కలిపి పనికొచ్చే డెల్టా ఒకటి అసలు ఉంటుందా, ఉండదా?" అంది.

ఆ ప్రశ్న వాళ్ళ సిలబస్‌లో తర్వాతెప్పుడో వస్తుంది. దానికి ఒక పేరు, ఒక నిర్వచనం, ఒక సిద్ధాంతం ఉన్నాయి, పీడీఎఫ్‌లో కూడా ఉండే ఉంటాయి. నేను పేరు కూడా చెప్పలేదు. సాయంత్రం మా చెల్లెలు ఫోన్ చేసింది. "నాలుగు రోజులు తిని పడుకుంటుందని పంపితే డైరీ పట్టుకుని తిరుగుతోందట, ఏం చేస్తున్నావన్నయ్యా పిల్లని? ఆ జవాబేదో చెప్పేసి పంపించు, ఆదివారం రాత్రి బస్సుకి టికెట్ ఉంది" అంది. చెప్పలేదు. బస్సెక్కే వేళకి, ఉండదని పిల్ల తేల్చేసింది. ఎందుకుండదో ఇంకా రాయాలి.